నాన్న రిటైరయ్యాక కుర్చీలోంచి లేవడం లేదు. సేవా కార్యక్రమాలు నిజంగా ఆరోగ్యానికి పనికొస్తాయా?

సామర్లకోట_పిల్ల
మా నాన్న కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి పోయినేడు రిటైరయ్యారు. సబ్‌స్టేషన్‌లో షిఫ్టులు, అర్ధరాత్రి ఫోన్లు, తుఫాను వస్తే మూడేసి రోజులు ఇంటికే రాకపోవడం, ఇదే ఆయన బతుకు. ఇప్పుడు కూడా తెల్లారి ఐదింటికే లేస్తారు. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చుంటారు. ఇక సాయంత్రం దాకా అదే కుర్చీ. కరెంటు పోతే మాత్రం లేచి వరండాలోకి వెళ్ళి, వచ్చేదాకా స్తంభం వంక చూస్తూ నిలబడతారు. అలా చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆరు కిలోలు పెరిగారు. బీపీ మొదలైంది. డాక్టరుగారు బీపీ మాత్ర రాసి, "ఇంకేం జబ్బు లేదమ్మా, నలుగురిలో తిరగమను, ఏదైనా సేవా కార్యక్రమంలో చేరమను" అన్నారు. అమ్మ ఏమో "ఇన్నేళ్ళు చేసిన చాకిరీ చాలదా, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళకి ఊరికే చేయాలా" అంటోంది. సేవ చేస్తే ఆరోగ్యం బాగుపడుతుందన్నది నిజమేనా? లేక పెద్దవాళ్ళని ఇంట్లోంచి బయటికి పంపడానికి చెప్పే మాటా? మీ ఇళ్ళలో జరిగింది చెప్పండి.

గుంటూరు_కారం
శ్రీవారి సేవకి పంపండి. ఇంకో ఆలోచన వద్దు. మా అమ్మానాన్న వెళ్ళొచ్చారు. ఇంట్లో వంకాయ తరగమంటే నడుం నొప్పి అనే మా అమ్మ, కొండమీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో తెల్లవారుజామునే కూర్చుని గంపలకొద్దీ సొరకాయలు తరిగింది. పక్కన కూర్చున్న కరీంనగర్ ఆవిడతో ఇప్పటికీ రోజూ ఫోనే. వారంలో రెండు కిలోలు తగ్గి వచ్చింది, ముఖంలో కళ వేరు.

అరుగుమీద
గుంటూరు_కారం గారూ, వారం సేవ బాగానే ఉంటుంది. కొండ దిగాక ఎనిమిదో రోజు సంగతేంటి? మళ్ళీ అదే కుర్చీ కదా. మా తాతకి సేవ అనే మాటే తెలియదు. పొద్దున కాలవ గట్టు, పదింటికి రచ్చబండ, సాయంత్రం రామాలయంలో భజన. ఊళ్ళో ఎవరి ఆవు ఈనినా, ఎవరింట్లో చావొచ్చినా ముందు పోయి కూర్చునేవాడు. తొంభై దాటి బతికాడు. అరుగులు తీసేసి గేట్లు పెట్టుకున్నాం, ఇప్పుడు సర్టిఫికెట్ ఇచ్చే సేవలు వెతుక్కుంటున్నాం.

తేనెతుట్టె
అరుగుమీద గారి పేరే అరుగు కాబట్టి ఆయన అలాగే అంటారు :) కానీ ఆ అరుగుమీద ఎవరు కూర్చునేవారో ఎవరికి చోటుండేది కాదో కూడా గుర్తు పెట్టుకోవాలి. మా నాయనమ్మ అరుగెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

గణాంకం
నేను ప్రజారోగ్యంలో పనిచేస్తాను. అసలు ప్రశ్నకి కాస్త పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిక్కుంది. సేవకి వెళ్ళేవాళ్ళు ఆరోగ్యంగా ఉంటున్నారు అంటే సేవ వల్లే ఆరోగ్యం వచ్చిందని కాదు. మోకాళ్ళు బాగున్నవాళ్ళే బయటికి వెళ్ళగలరు. పింఛను వచ్చేవాళ్ళకే తీరిక ఉంటుంది. కాబట్టి "సేవ చేసేవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు" అని వాట్సాప్‌లో వచ్చేది సగం నిజమే.

ఈ చిక్కు విప్పడానికి అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక మంచి ప్రయోగం చేశారు. ఎక్స్‌పీరియన్స్ కోర్ అని దాని పేరు. అరవై దాటినవాళ్ళు 702 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి 15 గంటలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చిన్నపిల్లలతో చదివించడం, లైబ్రరీ చూసుకోవడం చేసింది. రెండో గుంపుకి ఆ పని ఇవ్వలేదు. రెండు గుంపుల్లోనూ కొందరికి మెదడు స్కాన్లు తీశారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం వయసుతో కుంచించుకుపోతూ ఉంటుంది. బడికి వెళ్ళిన మగవాళ్ళలో రెండేళ్ళకి అది తగ్గకపోగా కొద్దిగా పెరిగింది. ఆడవాళ్ళలో అంత స్పష్టంగా కనిపించలేదు. స్కాన్ తీసింది కొద్దిమందికే, దాన్ని కొండంత చేయకూడదు. కానీ ఊరికే కొట్టిపారేసేదీ కాదు.

ఒంటరితనం చేసే చేటు గురించైతే ఆధారాలు చాలా ఉన్నాయి. 2010లో 148 అధ్యయనాలు, మూడు లక్షల పైచిలుకు మంది వివరాలు కలిపి చూశారు. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్ళు ఆ అధ్యయనాలు సాగిన కాలంలో బతికుండే అవకాశం మిగతావాళ్ళకంటే 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో ఒక నివేదిక ఇచ్చింది, ఒంటరితనం వల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలని అంచనా.

లెక్కల_మాస్టారు
బీపీ సంగతి చెప్పలేదు మీరు. అమ్మాయి అడిగింది బీపీ గురించి. ఏడాదికి 200 గంటలు సేవ చేసినవాళ్ళకి బీపీ వచ్చే అవకాశం 40 శాతం తక్కువని 2013లో ఒక అధ్యయనం చెప్పింది. నేను అది చదివే సేవ మొదలుపెట్టాను.

గణాంకం
నిజమే మాస్టారూ. కానీ అది అమెరికాలో ఒక పెద్ద సర్వే నుంచి సుమారు వెయ్యి మందిని తీసుకుని చేసింది. 2020లో అదే సర్వే నుంచి యాభై దాటిన దాదాపు 13 వేల మందిని తీసుకుని ఇంకా గట్టిగా లెక్క కట్టారు. ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు చేసినవాళ్ళలో మరణాలు తగ్గాయి, నడవలేక పట్టుకు నిలబడలేక ఇబ్బంది పడేవాళ్ళు తగ్గారు, మనసు నెమ్మదిగా ఉంది. బీపీ, షుగరు, పక్షవాతం లాంటి వాటిలో మాత్రం తేడా రాలేదు. కాబట్టి నాన్నగారు బీపీ మాత్ర మానకూడదు. సేవ వేరు, మాత్ర వేరు.

నర్సమ్మ_వరంగల్
ఆ చివరి మాట అందరూ చదవండి. మా వార్డుకి ఏటా ఇద్దరు ముగ్గురు వస్తారు, "ధ్యానంలో చేరాను, సేవలో ఉన్నాను, మాత్రలు ఆపేశాను" అని. నోరు వంకర పోయాక వస్తారు.

ఇంకో సంగతి తల్లీ. ఏడాదిగా ఒకే కుర్చీ అంటున్నావు. నిద్ర ఎలా పడుతోంది? తిండి రుచిస్తోందా? మునుపు ఇష్టపడ్డ వాటిమీద కూడా మనసు పోవడం లేదా? డిప్రెషన్ మన పెద్దవాళ్ళలో ఏడుపులా కనిపించదు. విసుగులాగో మౌనంలాగో ఉంటుంది. థైరాయిడ్, విటమిన్ బి12 కూడా ఒకసారి చూపించు. మాట్లాడించాలనుకుంటే టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని "పోయి సేవ చెయ్" అంటే అది ఇంకో బరువవుతుంది.

వినికిడి
చెవులు కూడా. నేను చెవి పరీక్షలు చేస్తాను. నలుగురిలోకి రాకుండా పోయిన మగవాళ్ళలో చాలామందికి అసలు కారణం వినపడకపోవడమే. ఒప్పుకోరు. టీవీ సౌండు ఎంతలో పెడుతున్నారో చూడండి. మీటింగుల్లో పక్కవాడు ఏమన్నాడో తెలియక రెండుసార్లు తప్పు జవాబు చెప్పి, ఆ సిగ్గుతో మూడోసారి వెళ్ళరు. మతిమరుపు జబ్బుకి ముప్పు పెంచే 14 కారణాలని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది. వాటిలో వినికిడి లోపం ఒకటి, ఒంటరితనం ఇంకొకటి. ఒకటి రెండోదాన్ని తెస్తుంది.

సామర్లకోట_పిల్ల
వినికిడి గారూ, చదవగానే వెళ్ళి చూశాను. టీవీ సౌండు 42లో ఉంది. అమ్మ 15 చాలంటుంది. వచ్చే వారం చూపిస్తాను. నర్సమ్మ గారూ, నిద్ర తిండి బాగానే ఉన్నాయి. థైరాయిడ్ చేయించాం, బి12 చేయించలేదు.

కాజీపేట_జంక్షన్
మా నాన్నది రైల్వే. రిటైరయ్యాక మొదటి రెండేళ్ళు మీ నాన్నగారిలాగే ఉన్నారు. మార్చింది సేవ అని ఎవరూ అనని పని. నవంబరు వస్తే పింఛనుదార్లు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి కదా. ఇప్పుడు అది ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేయొచ్చు. మా కాలనీలో సగం మందికి చేతకాదు. నాన్న నా దగ్గర నేర్చుకుని, మొదట పక్కింటాయనకి చేసిపెట్టారు. తర్వాతి ఏడాది పద్దెనిమిది మందికి. మంచంమీద ఉన్న ఒక ముసలాయన ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఆయన తల దిండుకి ఆనించి, కిటికీ రెక్క తీసి వెలుతురు పడేలా చేసి, "గార్డుగారూ, ఒక్కసారి కళ్ళు ఆర్పండి, గ్రీన్ సిగ్నల్ వస్తుంది" అన్నారు నాన్న. ఆయన కళ్ళార్పి, ఫోన్‌లో అయిందని రాగానే ఇద్దరూ నవ్వుకున్నారు. అంత నవ్వు నాన్న ముఖంలో నేను చాలా కాలంగా చూడలేదు.

ఇప్పుడు ఏడాది పొడుగునా పనే. ఎవరి ఆధార్‌లో పేరు తప్పు, ఎవరి ఫ్యామిలీ పెన్షన్ ఆగింది, అన్నీ ఆయన దగ్గరికే. రోజుకి నాలుగైదు వేల అడుగులు నడుస్తారు, వాకింగ్ అని చెప్పకుండానే.

గుంటూరు_కారం
గ్రీన్ సిగ్నల్ :) బాగుంది కాజీపేట గారూ.

పద్మవ్యూహం
అందరూ నాన్నల గురించే మాట్లాడుతున్నారు. సామర్లకోట అమ్మాయీ, మీ అమ్మగారి సంగతేంటి? ఆవిడ ఎప్పుడు రిటైరయ్యారు? "ఊరికే చాకిరీ" అనే మాట ఆవిడ నోట వచ్చిందంటే అందులో ఆవిడ బాధ ఉంది, నువ్వు అడ్డు చెప్పిందనుకుంటున్నావు.

నాకు 64. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇద్దరు మనవలు. కొడుకూ కోడలూ ఉద్యోగం. ప్రేమ లేక కాదు, ప్రాణం పెట్టి చూస్తాను. కానీ "అమ్మకి మంచి కాలక్షేపం" అని కొడుకు ఫ్రెండ్స్‌తో అన్నప్పుడు మనసు చివుక్కుమంది. నాకు గుడి దగ్గర భగవద్గీత క్లాసుకి వెళ్ళాలని మూడేళ్ళుగా కోరిక. బుధవారం సాయంత్రం గంటన్నర. కుదరదు. సేవ ఆరోగ్యమే అయితే నేను ఈపాటికి వజ్రంలా ఉండాలి కదా?

గణాంకం
పద్మ గారూ, మీరన్నది పరిశోధనలో కూడా తేలింది. ఆస్ట్రేలియాలో 186 మంది ఆడవాళ్ళని చూశారు, 2014లో వచ్చింది. వారానికి ఒకరోజు మనవల్ని చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో బాగా చేశారు. ఐదు రోజులు, ఆపైన చూసుకునేవాళ్ళు వెనకబడ్డారు. చిన్న అధ్యయనమే. కానీ ఏది మందో ఏది బరువో మోతాదు మీద ఉంటుందని చూపిస్తుంది. మీ ఇష్టం ఉండటం, కాదనగలగడం చాలా ముఖ్యం.

అరుగుమీద
పద్మవ్యూహం గారి మాటా, పైన తేనెతుట్టె మాటా కలిపి చదివాక ఒప్పుకోక తప్పదు. మా తాత భజనకి వెళ్ళినప్పుడు నాయనమ్మ పొయ్యి దగ్గరే ఉండేది. నేను తాత గురించే రాశాను.

లెక్కల_మాస్టారు
నా సంగతి చెప్తాను. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను, లెక్కలు నా సరదా. చూపులేని డిగ్రీ పిల్లలకి పాఠాలు చదివి రికార్డు చేసి పంపుతాను. తెలుగు మీడియం ఎకనామిక్స్ పుస్తకాలు చదివిపెట్టేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం రెండింటికి తలుపులన్నీ వేసి, ఫ్యాన్ కట్టేసి కూర్చుంటాను, లేకపోతే ఫ్యాన్ చప్పుడు పాఠంలో పడుతుంది. మే నెలలో ఆ గదిలో అరగంటకి బనియన్ తడిసిపోతుంది. పట్టికలు చదవడం మహా కష్టం. అడ్డంగా చదవాలా నిలువుగా చదవాలా అని ఒక అమ్మాయిని అడిగితే, "నిలువు వరస పేరు ప్రతిసారీ చెప్పండి సార్, లేకపోతే మేం మధ్యలో తప్పిపోతాం" అంది. నలభై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు ఆ సంగతి తట్టలేదు.

జ్వరమొచ్చి వారం పంపలేదు. ఎనిమిదో రోజు నలుగురు ఫోన్ చేశారు. పాఠం కోసం కాదు, గొంతు వినబడలేదని.

నా వయసువాళ్ళకి నేను చెప్పేది, బయటికి వెళ్ళే ఓపిక లేకపోతే తెలుగు వికీపీడియా ఉంది, 2003 నుంచి నడుస్తోంది. రాసేవాళ్ళలో మనలాంటి విశ్రాంత ఉద్యోగులు చాలామంది ఉన్నారు. మీ ఊరి చెరువు గురించి మీకంటే తెలిసినవాళ్ళెవరు?

డల్లాస్_బాబాయ్
మా అమ్మానాన్న ఆరు నెలలకి వచ్చినప్పుడు చూశాను. చుట్టూ ఇళ్ళే, మనిషి కనిపించడు. కారు లేకపోతే పాలప్యాకెట్ కూడా దొరకదు. నెల తిరక్కుండా అమ్మ "టికెట్ ముందుకి జరపరా" అంది. శనాదివారాలు గుడి వంటశాలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాం. పులిహోర కలపడానికి అమ్మ చెయ్యే కావాలని అక్కడివాళ్ళు పట్టుబట్టేవారు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. నాన్నకి మాత్రం అది పట్టలేదు. ఆయనకి గుళ్ళో గుంపు నచ్చదు. వాళ్ళిద్దరికీ ఒకే మందు పనిచేయలేదు.

తేనెతుట్టె
జాగ్రత్త కూడా చెప్పాలి. మా అత్తయ్య ఒక ట్రస్టులో సేవకి చేరింది. వారానికి మూడు గంటలన్నారు. ఆర్నెల్లకి రోజూ ఆరు గంటలు నిలబెట్టారు, క్యూ దగ్గర. కుర్చీ అడిగితే "సేవలో కూర్చుంటారా" అన్నారట. మోకాలు వాచి నెల రోజులు మంచంమీద ఉంది. మానేస్తానంటే పాపం తగులుతుందన్నట్టు మాట్లాడారు. జీతం మిగుల్చుకోవడానికి పెద్దవాళ్ళని వాడుకునే చోట్లు కూడా ఉన్నాయి. కూర్చునే చోటు, మంచినీళ్ళు, బాత్రూమ్, ఇంటికి వెళ్ళే టైము, ఈ నాలుగూ అడిగి చేరండి. ఎవరైనా విసుక్కుంటే అక్కడికి వెళ్ళొద్దు.

గుంటూరు_కారం
ఒక అనుమానం. నాన్నగారు "నా బీపీ తగ్గాలి" అని సేవ చేస్తే ఫలితం ఉంటుందా? మా అమ్మ అంటుంది, లెక్క చూసుకుని చేసేది సేవ కాదని.

గణాంకం
మీ అమ్మగారి మాటకి దగ్గరగా ఒక అధ్యయనం ఉంది, 2012లోది. ఎదుటివాళ్ళ కోసం చేసినవాళ్ళలో మరణాలు తక్కువ. తమ మేలు కోసమే చేసినవాళ్ళకీ, అసలు చేయనివాళ్ళకీ తేడా లేదు. అందుకే నాన్నగారికి ఆరోగ్యం మాట ఎత్తకండి. ఆయనకి చేతనైన పని ఎవరికి అవసరమో అది వెతకండి.

నర్సమ్మ_వరంగల్
దీంతో నేను పూర్తిగా ఏకీభవించను. మొదట కాలక్షేపానికి వచ్చి, తర్వాత రోగుల పేర్లు గుర్తుపెట్టుకుని పలకరించేవాళ్ళని మా ఆసుపత్రిలోనే చూశాను. ఏ కారణంతో వచ్చినా రానివ్వండి. మనసు తర్వాత మారుతుంది.

కాజీపేట_జంక్షన్
కరెంటాయన కదా. మీ ఊరి హైస్కూల్లో అడగండి. పై తరగతుల పిల్లలకి విద్యుత్ పాఠాలుంటాయి. నిజంగా సబ్‌స్టేషన్ నడిపినాయన చెప్తే ఎంత బాగుంటుంది. నిచ్చెన మాత్రం ఎక్కనివ్వకండి. ఫ్యాన్లు బాగుచేయమంటారు, స్విచ్ బోర్డులంటారు. ఒప్పుకోవద్దు.

సామర్లకోట_పిల్ల
నెల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ముందు అమ్మ సంగతి. పద్మ గారి మాట చదివిన రాత్రి అమ్మ దగ్గర కూర్చుని అడిగాను. శుక్రవారాలు వీధి చివర లలితా సహస్రనామం చదువుతారట, పదకొండింటికి. నాన్నకి పన్నెండింటికల్లా వేడి అన్నం వడ్డించాలని ఈవిడ ఏడాదిగా వెళ్ళలేదు. ఆ మాట నాన్నతో చెప్తే, "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు. షిఫ్టుల్లో ముప్ఫై ఏళ్ళు చల్లటి క్యారేజీ తిన్న మనిషి! ఇప్పుడు శుక్రవారం ఆయనే పెట్టుకుని తింటున్నారు. గిన్నె కూడా కడిగి బోర్లిస్తున్నారు.

చెవి పరీక్షలో కుడివైపు బాగా తగ్గిందని తేలింది. మిషన్ పెట్టుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. ఎడమవైపు కూర్చుని మాట్లాడమంటున్నారు, ప్రస్తుతానికి అలా నడుస్తోంది.

బడి సంగతి. హెడ్మాస్టరుగారు మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం ఒక పీరియడ్ ఇచ్చారు. మొదటి రోజు నాన్న గంట ముందే తయారై, సంచిలో టెస్టర్, పాత ఫ్యూజు క్యారియర్, రాగి తీగ ముక్కలు సర్దుకున్నారు. తిరిగొచ్చి ఏం మాట్లాడలేదు. నేను భయపడ్డాను. రాత్రి భోజనం దగ్గర అన్నారు, "ఆ ఏడో తరగతి కుర్రాడు కూడా వచ్చి కూర్చున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని ఎందుకు అంటుందని అడిగాడు. మంగళవారం చెప్తానన్నాను." పది దాటినా హాల్లో లైటు తీయలేదు. లేచి చూస్తే, పాత క్యాలెండర్ వెనక బొమ్మలు గీస్తున్నారు, టీవీ ఆపేసి.

వినికిడి
మిషన్ విషయం వదలకండి. పిల్లలు వెనక బెంచీ నుంచి అడిగినప్పుడు వినపడక ఇబ్బంది పడతారు. అప్పుడు ఆయనే వస్తారు చూడండి.

సామర్లకోట_పిల్ల
వచ్చారు. నిన్ననే అడిగారు, "అది పెట్టుకుంటే బడిలో కనిపిస్తుందా" అని.

పద్మవ్యూహం
బుధవారం క్లాసుకి వెళ్ళొచ్చాను. కొడుకు ఆరున్నరకి ఇల్లు చేరాడు.

గుంటూరు_కారం
అదంతా సరే, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు గుయ్యిమంటుందో చెప్పండి. మా వాడు పక్కన కూర్చుని అడుగుతున్నాడు.

సామర్లకోట_పిల్ల
నాన్ననే అడిగి రాస్తున్నాను. లోపల ఇనుప రేకులు పేర్చి ఉంటాయట. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరిగి వస్తుంది కదా, ఒక్కో తిరుగుడుకి ఆ రేకులు రెండుసార్లు కంటికి కనిపించనంత కొద్దిగా సాగి ముడుచుకుంటాయట. అంటే సెకనుకి వంద సార్లు. ఆ వణుకే మనకి చప్పుడుగా వినిపిస్తుంది. మీ వాడికి ఇంకా అనుమానాలుంటే పంపమన్నారు, శుక్రవారంలోపు.